నాలుగు ఆప్‌ల్లో చెదిరిన నోట్స్‌ను ఒకదానికొకటి ముడివేయడం ఎలా

పర్లాకిమిడిలో ఇల్లు, సరిహద్దు దాటితే పాతపట్నం వైపు కాస్త పొలం. బరంపురంలో పిల్లల చదువు, ఇచ్ఛాపురంలో అత్తవారి ఆస్తి వ్యవహారం. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో కాగితాలు చాలావరకు రెండు రాష్ట్రాలవి. ఒకవైపు ఒడిశా భూలేఖ్‌లో చూసిన ఖాతా, ప్లాటు నంబర్లు, ఇంకోవైపు ఆంధ్ర మీభూమిలోని అడంగల్, 1బి. వాటి గురించి రాసుకున్నవి మాత్రం నాలుగు చోట్ల పడుంటాయి. తహసీలు ఆఫీసు వరండాలో నిలబడి ఫోన్‌లో కొట్టింది గూగుల్ కీప్‌లో, స్కాన్లు కంప్యూటర్లోని వన్‌నోట్‌లో, రాత్రి తీరిగ్గా రాసుకున్న వివరం అబ్సిడియన్‌లోనో జోప్లిన్‌లోనో, మిగతాది వాట్సాప్‌లో మనకు మనమే పంపుకున్న మెసేజీల్లో.

అన్నీ ఒకే ఆప్‌లోకి మార్చేసుకోండని చెప్పడం తేలిక. ఆ సలహా రెండు వారాలు కూడా నిలవదు. చేతిలో సంచి ఉన్నప్పుడు కీప్‌లో ఒక లైను కొట్టడం సులువు, అబ్సిడియన్ తెరిచి ఫోల్డరు వెతుక్కోవడం కాదు. స్కాన్లకు వన్‌నోట్ పేజీ బాగుంటుంది, పొడవాటి రాతకు బాగుండదు. ఎక్కడి నోటు అక్కడే ఉండనిచ్చి, ఒకదాన్నించి ఇంకోదానికి దారి వేసుకోవడమే నిలిచే పని.

ఆ దారికి రెండు భాగాలు. ఒకటి గుర్తు సంఖ్య, రెండోది లింకు. చాలామంది లింకుతో మొదలుపెట్టి ఆరు నెలల్లో విసిగిపోతారు. లింకు ఆప్ మీద, ఖాతా మీద, ఫైలు పేరు మీద ఆధారపడుతుంది, వాటిలో ఏది మారినా తెగుతుంది. గుర్తు సంఖ్య నోటు లోపల మామూలు అక్షరాల్లా ఉంటుంది కాబట్టి నోటు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. పాత షావుకారు లెక్కల్లో ఉన్నది ఇదే. రోజువారీ చిట్టాలో పద్దు పక్కన ఆవర్జా (ఖాతాల పుస్తకం) పుట సంఖ్య, ఆవర్జాలో చిట్టా పుట సంఖ్య. రెండు పుస్తకాలు రెండు బీరువాల్లో ఉన్నా ఒకదాన్నించి ఇంకోదానికి వెళ్లగలిగేవారు.

ముందు గుర్తు సంఖ్య

ఒక తెలుగు అక్షరం, ఆ వెంటనే ఎనిమిది అంకెలు, మధ్యలో ఖాళీ గానీ గీత గానీ లేకుండా. భూమి నోట్స్‌కు భ, ఖర్చులకు ఖ, చదువుకు చ. అంకెల్లో మొదటి రెండు సంవత్సరం, తర్వాతి రెండు నెల, ఆ తర్వాత తేదీ, చివరి రెండు ఆ రోజు వరుస సంఖ్య. 2025 జూన్ 14న భూమి గురించి రాసిన మొదటి నోటు భ25061401. అదే రోజు రెండోది భ25061402.

ప్రతి ముక్కకూ ఒక కారణం ఉంది. గీతలు వద్దనడం ఎందుకంటే, చాలా ఆప్‌ల వెతుకులాట గీత దగ్గర మాటను విడగొడుతుంది. 25-06-14 అని వెతికితే 25 ఉన్నవి, 14 ఉన్నవి అన్నీ వచ్చి పడతాయి. ముందు అక్షరం లేకుండా పది అంకెలు పెడితే ఫోన్ దాన్ని మొబైల్ నంబరు అనుకుంటుంది. వేలు తగిలితే ఎవరికో కాల్ వెళ్తుంది. పన్నెండు అంకెలు పెడితే చూసేవారికి ఆధార్ నంబరులా కనిపిస్తుంది. హ్యాష్ గుర్తు కూడా వద్దు. కీప్ దాన్ని లేబుల్‌గా తీసుకుంటుంది, అబ్సిడియన్ అన్నీ అంకెలే ఉన్న ట్యాగును ఒప్పుకోదు, ఇక లింకులో హ్యాష్ వస్తే దాని తర్వాతిది వేరే భాగంగా లెక్క.

అక్షరం ఒత్తులూ గుణింతాలూ లేనిది చూసుకోండి. ఇంట్లో పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివి తెలుగు టైపు చేయలేకపోతే, వాళ్ల ఫోన్‌లో ఉన్న కీబోర్డు అక్షరం ఏదైనా పెట్టుకోవచ్చు. ఇల్లంతా ఒకటే వాడాలి, అంతే.

అంకెలు మాత్రం 1, 2, 3 రూపంలోనే కొట్టండి. ఒడియా అంకెల్లో ఉన్న పాత పట్టాను చూసి రాసేటప్పుడు అవే అంకెలు దించేయాలనిపిస్తుంది. ఒడియా అంకె వేరు, మన కీబోర్డు అంకె వేరు, కంప్యూటరుకు రెండింటికీ చుట్టరికం లేదు. ఒక రూపంలో రాసింది ఇంకో రూపంలో వెతికితే మామూలుగా దొరకదు.

ఈ సంఖ్య నోటు మొదటి లైనులో ఉండాలి. వన్‌నోట్‌లో పేజీ శీర్షికలోనే పెట్టండి. స్కాన్ బొమ్మ మీద రాసిన సంఖ్యను నమ్ముకోవద్దు, టైపు చేసిన అక్షరాలుగానే ఉండాలి. ఇంకో లాభం, ఇది కాగితానికీ పనికొస్తుంది. దస్తావేజు జిరాక్సు మీద పై మూలన పెన్సిలుతో అదే సంఖ్య వేస్తే బీరువాలోని ఫైలు కూడా ఈ గొలుసులోకి వచ్చేస్తుంది. అసలు దస్తావేజు మీద మాత్రం ఏమీ రాయొద్దు.

పాత నోట్స్ అన్నింటికీ కూర్చుని సంఖ్యలు వేయకండి. ఏ నోటునైనా మళ్లీ తెరవాల్సి వచ్చినప్పుడు దానికి సంఖ్య వేయండి. తెరవని నోటుకు దారితో పనిలేదు.

ఏ ఆప్‌లో లింకు ఎక్కడుంటుంది

వన్‌నోట్: ఎడమవైపో కుడివైపో ఉన్న జాబితాలో పేజీ పేరు మీద రైట్ క్లిక్ చేసి కాపీ లింక్ టు పేజ్ నొక్కండి. విండోస్ డెస్క్‌టాప్ వెర్షన్‌లో ఒక పేరా మీద రైట్ క్లిక్ చేస్తే ఆ పేరాకు కూడా లింకు వస్తుంది. ఇరవై పేజీల స్కాన్ల మధ్య ఒక రసీదు చూపించాలంటే ఇదే పనికొస్తుంది. ఈ లింకును నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే రెండు లైన్లు కనబడతాయి. ఒకటి బ్రౌజరులో తెరిచేది, రెండోది వన్‌నోట్ అన్న మాటతో మొదలై నేరుగా ప్రోగ్రాములో తెరిచేది. నోట్‌బుక్ వన్‌డ్రైవ్‌లో కాక మీ కంప్యూటర్ డిస్కులోనే ఉంటే రెండో లైను ఒక్కటే వస్తుంది, అది ఫోన్‌లో పనిచేయదు.

జోప్లిన్: కంప్యూటర్లో నోటు పేరు మీద రైట్ క్లిక్, కాపీ ఎక్స్‌టర్నల్ లింక్. దాని పక్కనే కాపీ మార్క్‌డౌన్ లింక్ అని ఇంకోటి ఉంటుంది, అది జోప్లిన్ లోపల ఒక నోటు నుంచి ఇంకో నోటుకు మాత్రమే. బయటి ఆప్‌లో అతికించాలంటే మొదటిదే కావాలి. లింకు చివర 32 అక్షరాల గుర్తింపు ఉంటుంది. నోటు పేరు మార్చినా వేరే నోట్‌బుక్‌లోకి జరిపినా అది మారదు. ఈ విషయంలో జోప్లిన్‌ది గట్టి లింకు.

అబ్సిడియన్: ఫైలు మీద రైట్ క్లిక్ చేసి మెనూలో అబ్సిడియన్ యూఆర్‌ఎల్ అన్న మాట కోసం చూడండి. వెర్షన్‌ను బట్టి అది నేరుగానో, కాపీ పాత్ కిందనో ఉంటుంది. ఈ లింకులో రెండు పేర్లుంటాయి, వాల్ట్ (అబ్సిడియన్ నోట్స్ అన్నీ ఉండే ఫోల్డరు) పేరు, ఫైలు పేరు. గుర్తింపు సంఖ్య కాదు, పేర్లు. కాబట్టి ఏ పేరు మార్చినా బయటి ఆప్‌లో అతికించిన లింకు చచ్చిపోతుంది. అబ్సిడియన్ లోపల జంట చదరపు బ్రాకెట్లతో వేసిన లింకులను పేరు మార్చినప్పుడు అదే సరిచేస్తుంది. వన్‌నోట్‌లో అతికించినదాని సంగతి దానికి తెలియదు కదా.

గూగుల్ కీప్: ఫోన్ ఆప్‌లో ఒక నోటుకు లింకు తీసుకునే మీట కోసం వెతికి లాభం లేదు. కంప్యూటర్ బ్రౌజరులో కీప్ తెరిచి నోటు మీద క్లిక్ చేయండి. పైన అడ్రసు పట్టీలో ఆ నోటు గుర్తింపుతో కూడిన చిరునామా వస్తుంది, దాన్ని కాపీ చేసుకోండి. అందులో యు అన్న అక్షరం, స్లాష్, ఒక అంకె కనిపిస్తే జాగ్రత్త. ఆ అంకె మీరు బ్రౌజరులో లాగిన్ అయిన ఖాతాల వరుస. ఇంటి ఖాతా సున్నా, దుకాణం ఖాతా ఒకటి అనుకుందాం. వేరే కంప్యూటర్లో వరుస తారుమారైతే అదే లింకు తప్పు ఖాతాలో తెరుచుకుని నోటు చూపించదు. నోటు పోయిందని కంగారుపడకుండా ముందు పై మూలన ఏ ఖాతా బొమ్మ ఉందో చూడండి.

నోషన్‌లో పేజీ లింకు చివర కూడా 32 అక్షరాల గుర్తింపే, పేరు మారినా పనిచేస్తుంది. ఎవర్‌నోట్‌లో ఆప్ లింకు, వెబ్ లింకు అని రెండుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి అది సిఫారసు చేయలేం, 2023 డిసెంబరు నుంచి ఉచిత ఖాతాకు 50 నోట్స్, ఒక్క నోట్‌బుక్ పరిమితి పెట్టారు.

వాట్సాప్ మెసేజీకి లింకు లేదు. స్టార్ పెట్టుకోవచ్చు గానీ బయటి నుంచి దాని మీదకు దూకలేం. వాట్సాప్‌ను దారిలో మజిలీగా మాత్రమే చూడండి. సాయంత్రం లోపు అక్కడున్నది కీప్‌లోకి కాపీ చేసి, సంఖ్య వేసేయండి.

ముడి వేయడం, ఒక ఉదాహరణతో

పాతపట్నం వైపు పొలం, సర్వే నంబరు 45/2, విస్తీర్ణం 1 ఎకరం 20 సెంట్లు అనుకోండి. జూన్ 14న మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) సంగతి అడగడానికి వెళ్లి కీప్‌లో నాలుగు లైన్లు రాశారు. రిజిస్ట్రేషన్ దస్తావేజు స్కాన్ వన్‌నోట్‌లో ఉంది. మొత్తం కథ అబ్సిడియన్‌లో ఉంది.

మొదట మూడింటికీ మూడు సంఖ్యలు. కీప్ నోటు భ25061401. వన్‌నోట్ పేజీ, ఆ రోజే తెరిచారు కాబట్టి, భ25061402. అబ్సిడియన్ ఫైలు భ25061403. మూడూ ఒకే పొలానివే కదా, ఒకే సంఖ్య చాలదా అనిపిస్తుంది. చాలదు. ఒకే సంఖ్య వేస్తే ఏది ఏ నోటో చెప్పలేం, రేపు కీప్ నోటు ఇంకో పొలానికి కూడా సంబంధించినదైతే ముడి చిక్కుపడుతుంది. సంఖ్య నోటుది, పొలానిది కాదు.

రెండో పని, ప్రతి నోటు చివర చూడు అని రాసి మిగతా రెండింటి సంఖ్యలు. ఉదాహరణకు కీప్‌లో ఇలా: చూడు: భ25061402 వన్‌నోట్, దస్తావేజు. భ25061403 అబ్సిడియన్, పూర్తి వివరం. సంఖ్య పక్కన ఆప్ పేరు తప్పకుండా ఉండాలి. లేకపోతే మూడు నెలల తర్వాత ఏ ఆప్ తెరిచి వెతకాలో తెలియక మూడూ తెరుస్తారు.

మూడో పని లింకులు అతికించడం. అబ్సిడియన్ ఫైలులో వన్‌నోట్ లింకు, కీప్ వెబ్ చిరునామా రెండూ పెట్టొచ్చు, నొక్కితే తెరుచుకుంటాయి. కంప్యూటర్ వన్‌నోట్‌లో సంఖ్యను సెలెక్ట్ చేసి కంట్రోల్, కె నొక్కి అబ్సిడియన్ లింకు అతికించండి. తెరిచేటప్పుడు భద్రత హెచ్చరిక వస్తే అది మీరే వేసిన లింకు కాబట్టి ఒప్పుకోవచ్చు. కీప్ దగ్గర మాత్రం ఆగాలి. వెబ్ చిరునామాలు తప్ప, అబ్సిడియన్, జోప్లిన్ అన్న పేర్లతో మొదలయ్యే ఆప్ లింకులను కీప్, వాట్సాప్ మామూలు అక్షరాలుగానే చూస్తాయి. నీలం రంగు రాదు, నొక్కితే కదలదు. అక్కడ సంఖ్య ఒక్కటే వదిలేయండి. సంఖ్యను వేలితో పట్టి కాపీ చేసి, అబ్సిడియన్ వెతుకులాటలో అతికిస్తే పది సెకన్ల పని.

నాలుగో పని ఎక్కువమంది వదిలేసేది, ఎదురు ముడి. ఆప్‌ల మధ్య లింకు ఒకవైపే ఉంటుంది. అబ్సిడియన్ నుంచి వన్‌నోట్‌కు వేసినంత మాత్రాన వన్‌నోట్ తిరిగి అబ్సిడియన్‌ను చూపించదు. రెండో వైపు మీరే వేయాలి, అదీ అదే పూట. తర్వాత వేద్దామనుకున్నది తర్వాత జరగదు.

పేరు మారినా తెగని అబ్సిడియన్ లింకు

అబ్సిడియన్ లింకు ఫైలు పేరు మీద ఆధారపడుతుందన్నాం. దీన్ని దాటడానికి చక్కటి ఉపాయం ఉంది. కాపీ చేసిన లింకులో రెండు స్లాష్‌ల తర్వాత ఓపెన్ (open) అన్న మాట ఉంటుంది, దాన్ని ఇంగ్లీషులోనే సెర్చ్ (search) అని మార్చండి. వాల్ట్ పేరు అలాగే ఉంచండి. ఆ తర్వాత ఫైల్ (file) అన్న మాట బదులు క్వెరీ (query) అని పెట్టి, సమానం గుర్తు తర్వాత ఫైలు పేరు తీసేసి గుర్తు సంఖ్య రాయండి. ఇప్పుడు ఈ లింకు ఫైలును తెరవదు, ఆ వాల్ట్‌లో ఆ సంఖ్య కోసం వెతికి చూపిస్తుంది. ఫైలు పేరు మార్చండి, వేరే ఫోల్డరులో పెట్టండి, దొరుకుతూనే ఉంటుంది. ఒక క్లిక్కు ఎక్కువ, అంతే. ఈ లింకు ఫలితాల్లో ఆ నోటుతో పాటు దాన్ని ప్రస్తావించిన మిగతా నోట్స్ కూడా వస్తాయి, అది నిజానికి వరం.

అడ్వాన్స్‌డ్ యూఆర్‌ఐ అన్న ప్లగిన్ (అబ్సిడియన్‌కు విడిగా తగిలించుకునే చేర్పు) ఫైలు లోపల ఒక గుర్తింపు రాసి దాని ఆధారంగా లింకు ఇస్తుంది. బాగా పనిచేస్తుంది. కాకపోతే ప్రతి ఫోన్‌లో, ప్రతి కంప్యూటర్లో అది వేసి ఉండాలి. ముగ్గురు వాడే ఇంట్లో మూడో ఫోన్‌లో వేయడం ఎవరో మరచిపోతారు. సెర్చ్ లింకే మేలు.

తెలుగు పేర్లు తెచ్చే చిక్కులు

మన భాషలో ఫైలు పేర్లు పెట్టుకోవడం తప్పేమీ కాదు. కొన్ని చోట్ల మాత్రం కంప్యూటర్ దాన్ని ఎలా దాస్తుందో తెలిస్తే గంటల కొద్దీ తలనొప్పి తప్పుతుంది.

లింకులో తెలుగు అక్షరాలు నేరుగా వెళ్లవు. ప్రతి అక్షరమూ, ప్రతి గుణింతమూ, ప్రతి పొల్లూ విడిగా మూడు బైట్లు, ఒక్కో బైటు లింకులో శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. అంటే తెలుగు గుర్తు ఒక్కోటి లింకులో తొమ్మిది అక్షరాలవుతుంది. పర్లాకిమిడి అన్న మాటలో కంప్యూటర్ లెక్కన 11 గుర్తులున్నాయి. లింకులో అది 99 అక్షరాలు. అందుకే తెలుగు పేరున్న ఫైలు లింకు శాతం గుర్తుల అడవిలా కనిపిస్తుంది. పాడైందనుకుని చేత్తో సరిచేయబోకండి, సగం తుడిచినా పనిచేయదు. పేరులో ఖాళీ ఉంటే లింకులో అది %20 అవుతుంది. మనమే లింకు రాసుకునేటప్పుడు ఖాళీని అలాగే వదిలేస్తే చాలా ఆప్‌లు లింకును అక్కడికే కోసేస్తాయి. వాల్ట్ పేరు ఒక్క మాటలో, ఖాళీ లేకుండా, అన్ని పరికరాల్లో ఒకటే ఉండేలా పెట్టమనేది ఇందుకే. ఫోన్‌లో వాల్ట్ పేరు ఇల్లు, కంప్యూటర్లో ఇంటికాగితాలు అయితే ఒకచోట వేసిన లింకు రెండోచోట వాల్ట్ దొరకలేదంటుంది.

పేరు పొడవు ఇంకో గొడవ. ఆండ్రాయిడ్, లినక్స్‌లలో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. మూడేసి బైట్ల లెక్కన, చివరి .md పొడిగింపు పోగా, 84 తెలుగు గుర్తులు. విండోస్ బైట్లు లెక్కపెట్టదు, దానిదీ 255 హద్దే అయినా గుర్తుల లెక్కన. అందుకని కంప్యూటర్లో పెద్ద పేరుతో హాయిగా సేవ్ అయిన నోటు ఫోన్‌కు సింక్ కాకుండా ఆగిపోతుంది. సింక్ ప్రోగ్రాము ఒక్కోసారి నోరెత్తదు కూడా. పేరులో సంఖ్య, రెండు మూడు మాటలు చాలు.

స్లాష్ గురించి భూమి నోట్స్ రాసేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. సర్వే నంబరు 45/2 అని ఫైలు పేరులో పెట్టబోతే విండోస్ ఒప్పుకోదు. ఒప్పుకునే ఆప్ ఉంటే అది 45 అన్న ఫోల్డరులో 2 అన్న ఫైలుగా తీసుకునే ప్రమాదం ఉంది. పేరులో 45-2 అని, నోటు లోపల 45/2 అని రాయండి. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, కొటేషన్ గుర్తులు కూడా ఫైలు పేర్లకు పనికిరావు.

ఇక కంటికి కనబడని దొంగ ఒకటుంది. ప్లాట్‌నంబరు లాంటి మాటలో ట్ తర్వాత న ఒత్తుగా కిందికి దిగకుండా కీబోర్డు మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తును చొప్పిస్తుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకో కీబోర్డులో మీరు ఖాళీ ఇచ్చి రాస్తారు. చివర పొల్లు ఉన్న మాటల్లో అయితే ఈ గుర్తు మిగిలిపోయినా తెర మీద తేడా కనిపించదు. రెండు మాటలు అచ్చు గుద్దినట్టుంటాయి, వెతికితే ఒకటి దొరికి ఇంకోటి దొరకదు. లింకులో అయితే ఆ కనబడని గుర్తు కూడా మూడు బైట్లే. ఒకే పేరుతో రెండు నోట్స్ కనిపిస్తున్నాయంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి. విరుగుడు, అనుమానం ఉన్న పేరును మొత్తం తుడిచి ఒకే కీబోర్డుతో మళ్లీ కొట్టడం. వర్ణక్రమాల సంగతి సరేసరి. పర్లాకిమిడి, పర్లాకిమిడీ, పరలాఖెముండి అని ఒకే ఊరికి మూడు రాతలు మన ఫోన్లలోనే ఉంటాయి. ఊరి పేరుతో వెతకడం కంటే సంఖ్యతో వెతకడం మేలనేది ఇక్కడ రుజువవుతుంది.

చిట్టా నోటు

పాతిక, ముప్ఫై సంఖ్యలు దాటాక ఒక జాబితా కావాలి. అబ్సిడియన్‌లోనో జోప్లిన్‌లోనో చిట్టా అన్న పేరుతో ఒక నోటు తెరవండి. లైనుకు ఒక నోటు: సంఖ్య, ఆప్ పేరు, నాలుగైదు మాటల్లో విషయం, లింకు. కొత్తది పైన. ఆప్ లింకులు, వెబ్ లింకులు రెండూ నొక్కితే పనిచేసే ఆప్‌లోనే ఈ చిట్టా ఉండాలి, అందుకే కీప్ పనికిరాదు. గూగుల్ షీట్లు చూడ్డానికి బాగున్నా అదే కారణంతో వద్దు.

చిట్టాలో ప్రతి చిన్న నోటూ ఎక్కించకండి. మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుందని తెలిసినవి, అంటే దస్తావేజులు, రసీదులు, కేసు తేదీలు, బ్యాంకు వివరాలు. భూమి లైనులో ఏ రాష్ట్రమో రాయండి. ఒడిశా వైపు డెసిమల్ అన్నా ఆంధ్ర వైపు సెంటు అన్నా ఎకరంలో నూరో వంతే. ఖాతా, ప్లాటు, సర్వే నంబర్లు మాత్రం ఏ వైపువో తెలియకపోతే కలగాపులగమవుతాయి.

లింకు నొక్కితే ఏమీ జరగకపోతే

అసలు కదలకపోతే ఆ పరికరంలో ఆ ఆప్ లేదన్నమాట, లేదా ఉన్నా ఆ రకం లింకులు తనవని సిస్టమ్‌కు చెప్పుకోలేదు. లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా ఒక్క ఫైలుగా నడిపే అబ్సిడియన్‌తో ఇది మామూలే. ఆప్ తెరుచుకుని నోటు రాకపోతే వాల్ట్ పేరో ఫైలు పేరో మారింది. బ్రౌజరు తెరుచుకుని అనుమతి లేదంటే ఖాతా తప్పు. వన్‌నోట్ పేజీని వేరే నోట్‌బుక్‌లోకి జరిపారా, అయితే కొత్తగా లింకు తీసి చిట్టాలో మార్చండి. ఫైల్ అన్న మాటతో మొదలై డిస్కు పేరు ఉన్న లింకు మీ కంప్యూటర్లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. పీడీఎఫ్‌ను నోటుకు జత చేయండి, డిస్కులోని చోటుకు లింకు వేయకండి.

రాయగడ, గజపతి కొండ ఊళ్లకు వెళ్లేటప్పుడు సిగ్నల్ మీద భరోసా ఉండదు. అబ్సిడియన్, జోప్లిన్ నోట్స్ ఫోన్‌లోనే ఉంటాయి, నెట్ లేకుండా తెరుచుకుంటాయి. కీప్, వన్‌నోట్‌లకు వేసిన వెబ్ లింకులు బ్రౌజరు మీద ఆధారపడతాయి కాబట్టి తెల్లని పేజీ చూపిస్తాయి. అప్పుడు లింకు వదిలేసి కీప్ ఆప్ తెరిచి సంఖ్య వెతకండి, ఫోన్‌లో అంతకుముందే దిగిన నోట్స్‌లో ఉంటే దొరుకుతుంది. సంతకో కోర్టుకో బయల్దేరే ముందు నెట్ ఉన్నచోట కావలసిన వన్‌నోట్ పేజీని ఒక్కసారి తెరిచి పెట్టుకోవడం మంచి అలవాటు.

నెలకోసారి చిట్టాలోంచి పది లింకులు నొక్కి చూడండి. తెగినది కనబడితే సంఖ్యతో వెతికి కొత్త లింకు వేయండి. పావుగంట పని.

అన్నయ్యకో కోడలికో పంపాల్సి వస్తే

మీ నోటు లింకు మీకే తెరుచుకుంటుంది. విశాఖలో ఉన్న అన్నయ్యకు కీప్ లింకు వాట్సాప్ చేస్తే ఆయనకు ఖాళీ తెరే. కీప్‌లో ఆయన జీమెయిల్‌ను కొలాబరేటర్‌గా చేర్చాలి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్‌లలో ఆయన పేరుతోనే అనుమతి ఇవ్వండి. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చన్న ఎంపికతో దస్తావేజులు, ఆధార్ కాపీలు పెట్టొద్దు. ఆ లింకు ఫ్యామిలీ గ్రూపులోంచి ఎక్కడికి పోయేదీ మన చేతిలో ఉండదు. అబ్సిడియన్, జోప్లిన్ లింకులు పంపి ప్రయోజనం లేదు, ఆ నోటు ఆయన పరికరంలో ఉండదు. విషయం కాపీ చేసి, సంఖ్యతో సహా పంపండి. తర్వాత ఆయన ఫోన్ చేసి ఆ భ25061402 కాగితం ఏదిరా అని అడిగితే ఇద్దరూ ఒకే కాగితం గురించి మాట్లాడుకుంటారు.

ఆప్ వదిలేయాల్సి వచ్చినప్పుడు

ధర పెరుగుతుంది, పరిమితి పెడతారు, ఫోన్ మారుస్తారు. అప్పుడు ముందు ఎగుమతి. కీప్ నోట్స్ గూగుల్ టేక్అవుట్ ద్వారా దిగుతాయి. జోప్లిన్‌లో ఎక్స్‌పోర్ట్ మెనూ ఉంది, మార్క్‌డౌన్ (మామూలు అక్షరాల ఫైలు) రూపం ఎంచుకుంటే అబ్సిడియన్ నేరుగా చదువుతుంది. అబ్సిడియన్‌కు ఎగుమతి అక్కర్లేదు, ఫోల్డరు కాపీ చేస్తే సరి. దిగినవాటిలో రాత ఉంటుంది, సంఖ్య ఉంటుంది. పాత ఆప్‌కు వేసిన లింకులు మాత్రం అన్నీ పోయినట్టే.

కొత్త ఆప్‌లో దించాక పాతదాన్ని వెంటనే తీసేయకండి. చిట్టా పక్కన పెట్టుకుని, పాత ఆప్ పేరున్న లైన్లు వెతికి, ఒక్కో సంఖ్యను కొత్త ఆప్‌లో వెతికి, దొరికినదాని లింకు అతికించి, ఆప్ పేరు మార్చండి. దొరకని సంఖ్య అంటే ఎగుమతిలో జారిపోయిన నోటు, అది తేలేదాకా పాత ఆప్ ఫోన్‌లో ఉండాల్సిందే. కీప్‌లో తుడిచిన నోటు చెత్తబుట్టలో 7 రోజులే ఉంటుంది.